అవసరాంకం సున్నా

కూర్మినాయుడి ఊపిరితిత్తుల్లో నీళ్లు నింపింది కొండ కాదు, మంచు కాదు. మీరు. హిమమార్గ నిర్వహణ సంస్థ పరికరాల ఎంపిక కమిటీలో కూర్చున్న ఏడుగురు మీరు. కాళ్ల కింద వేడిపలకలు పరిపించుకుని, మంచు రోడ్డుకి ఏ బండి కొనాలో తేల్చిన పెద్దలు. మీలో ఒక్కరూ ఆ రోడ్డు మీద ఒక్క చలికాలం గడపలేదు. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. విని తల ఊపి ఊరుకోవడానికి కాదు.

2084వ సంవత్సరం. ఖార్మో కనుమ రోడ్డు. కింద సున్నా కిలోమీటరు దగ్గర ఆసుపత్రి, బజారు ఉన్న దిగువ శిబిరం. పైన నలభై ఏడో కిలోమీటరు దగ్గర, గాలి సగమే ఉండే చోట, కనుమ. ఈ కాలంలో రోడ్డు మీద పడ్డ మంచును తవ్విపోసేవాళ్లు లేరు. మంచు పడకముందే రోడ్డును ఉప్పునీటితో తడుపుతారు. అలా తడిపిన తారు మీద పడ్డ మంచు అంటుకోదు, గడ్డకట్టదు, చక్రాల కింద చితికి పక్కకి జారిపోతుంది. ఆ నీటిని దుప్పటిలా పరవకూడదు, రోడ్డంతా జారుడు అవుతుంది. వేలెడు సన్నని ధారలుగా, మధ్యలో పొడి జాగా వదులుతూ జల్లాలి. దిగువ శిబిరంలో పిల్లలు పొద్దున్నే లేచి రోడ్డు చూస్తారు. నల్ల తారు మీద తెల్లటి గీతలు కనిపిస్తే ఆ రోజు మంచు పడుతుందని అర్థం.

ఆ గీతలు గీసేది దాలమ్మ. ఇరవై రెండో కిలోమీటరు దగ్గర ఒంటి గది స్టేషన్‌లో ఒక్కతే ఉంటుంది. నలభై ఒక్క ఏళ్లు. శ్రీకాకుళం తీరంలో ఉప్పుమడులు సముద్రంలో కలిసిపోయాక, ఉప్పునీటి గుట్టు తెలిసిన మనుషులు కావాలని సంస్థ అక్కడివాళ్లను కొండలకు తోలుకొచ్చింది. పైన నలభై ఏడో కిలోమీటరు దగ్గర ఉన్న కూర్మినాయుడు కూడా ఆ తీరం వాడే. యాభై ఎనిమిదేళ్లు, పదకొండు చలికాలాలు. ఇద్దరి మధ్యా పాతిక కిలోమీటర్ల రోడ్డు. ఏడేళ్లుగా రోజూ పొద్దున్న ఏడింటికి రేడియోలో మాట్లాడుకుంటున్నారు. ఒక్కసారి కూడా ఒకరి మొహం ఒకరు చూడలేదు.

దాలమ్మ వచ్చిన కొత్తలో చేసిన పొరపాటు ఉప్పుమడుల మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు. మడిలో చిక్కటి నీరంటే గౌరవం. చిక్కగా ఉంటే పంట. అదే లెక్కన ఇక్కడా తొట్టిలో ఉప్పు దండిగా వేసి చిక్కబరిచింది. తెల్లారేసరికి జల్లుగొట్టం ముక్కులన్నీ మూసుకుపోయాయి. నూటికి ఇరవై మూడు పాళ్లుంటే సున్నాకి ఇరవై ఒక్క డిగ్రీల కింద వరకు ఉప్పునీరు గడ్డకట్టదు. పలచనైనా కడుతుంది, చిక్కనైనా కడుతుంది. ఆ సంగతి రేడియోలో చెప్పి కూర్మినాయుడు నవ్విన నవ్వు ఆవిడకి ఇంకా చెవిలోనే ఉంది.

"ఉప్పు పండిద్దామనొచ్చినావేటే అమ్మీ ఈ కొండకి?"

"నవ్వు చిన్నాన్నా, నవ్వు. ముక్కుల్లో పుల్ల పెట్టి తోడతన్నది నాను కదా."

ఆ రోజునుంచి ఆయన చిన్నాన్న, ఆవిడ అమ్మి.

ఇక బండి సంగతి. మూడేళ్ల కిందట మీ కమిటీ ముందు మూడు రకాల బండ్లు నిలబడ్డాయి. మొదటిది పాతకాలపుది. తొట్టి, దాని కింద చిల్లుల గొట్టం. నీరు దాని బరువుకి అదే కారుతుంది. బండి మెల్లగా వెళ్తే చెరువు, తొందరగా వెళ్తే చెమ్మ. రెండోది పంపు బండి. చక్రం ఎంత తిరిగితే అంత నీరు, ఎక్కడ ఎంత అనేది తోలేవాడి చేతిలో మీట. తొట్టి లోపల అడ్డుపలకలుంటాయి కాబట్టి మలుపులో సగం తొట్టి నీరు ఊగి బండిని లోయలోకి నెట్టదు. ముక్కులకు వేడితీగ, గడ్డకట్టవు. రోడ్డు మీద బతికేవాడు ఎవడైనా దీన్నే కోరుకుంటాడు.

మీరు మూడోదాన్ని ఎంచుకున్నారు. స్వయంనిర్ణయ ద్రవసేచని. పంపు బండికున్న సదుపాయాలన్నీ దీనికీ ఉన్నాయి, మీట ఒక్కటే తీసేశారు. ఎక్కడ జల్లాలి, ఎవరి కోసం జల్లాలి అనేది అదే నిర్ణయిస్తుంది. ఎలాగంటే, స్టేషన్లలో, ఆఫీసుల్లో, రేడియోల్లో మనుషులు మాట్లాడే మాటలన్నీ వింటుంది. ఎవరు ఏది కావాలన్నారు, ఎంత గట్టిగా అన్నారు, ఎన్నిసార్లన్నారు అని లెక్కగట్టి మనిషికో అంకె ఇస్తుంది. దానికి మీరు పెట్టిన పేరు అవసరాంకం. సున్నా నుంచి వంద దాకా. ఉన్న ఉప్పునీటిని పెద్ద అంకె వైపు పంపుతుంది. జల్లని మంచు మీద చక్రం తిరగకుండా తాళం కూడా వేసుకుంటుంది, ప్రమాదం జరగకూడదట. మనుషుల ఇష్టాయిష్టాలకు చోటులేని బండి అని చప్పట్లు కొట్టుకున్నారు. ఆ ఊపులోనే రెండు స్టేషన్లకు ఒక్క బండి చాలని కూర్మినాయుడి బండిని కిందికి దింపేశారు. ఆయనకి మిగిలింది మంచు కొలిచే కర్ర, రేడియో.

పుస్తకంలా మాట్లాడుతుందని దాలమ్మ ఆ బండికి పంతులు అని పేరు పెట్టింది.

ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున్న, ఏడింటికి, రేడియోలో కూర్మినాయుడి గొంతు తడిగా వచ్చింది. మాటకీ మాటకీ మధ్య గులగులమనే చప్పుడు.

"ఏటే అమ్మీ, తిన్నావా?"

"నా తిండికేటి గానీ, ఆ సప్పుడేటి చిన్నాన్నా?"

"ఏటీ నేదు. రెండు దినాలనుంచి కూసింత ఆయాసం. తొంగుంటే ఊపిరాడదు, కూకుంటే బాగానే ఉంది."

"ఉమ్మితే ఏ రంగు?"

ఆయన మెల్లగా అన్నాడు. "ఎర్ర నురగ."

కొండమీద పనిచేసే ప్రతివాడికీ మొదటి రోజే నేర్పుతారు. ఎత్తుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే మందు ఒక్కటే, కిందికి దింపడం. ఆ రోజే దింపాలి. రేపటికి మనిషి ఉండడు. దాలమ్మ దిగువ శిబిరానికి చెప్పింది. ఈ గాలిలో ఎగిరే బండి ఏదీ లేవదన్నారు. ఇరవై రెండుకి పైన రోడ్డు మీద అద్దంలా మంచు; కింద ఇంకా పొడిగానే ఉంది, అక్కడ రాత్రికి పడుతుందట. ఉన్నది ఒక్క పంతులు, దాని తొట్టిలో నాలుగువేల లీటర్లు, ఇంకో తొట్టి కలపడానికి స్టేషన్‌లో ఉప్పు లేదు. కిలోమీటరుకి నూరు చొప్పున పైకి రెండువేల అయిదొందలు. దిగేటప్పుడు కిలోమీటరుకి అరవై చాలు, పదిహేనువందలు. సరిగ్గా సరిపోతుంది.

ఎక్కి కూర్చుంది. "పంతులూ, పైకి పద. నలభై ఏడుకి."

"క్షమించండి దాలమ్మ గారూ. ఈ ద్రవం రేపటి పర్యటన కోసం కేటాయించబడింది. ఎంపిక కమిటీ సభ్యులు సున్నా నుంచి ఇరవై రెండో కిలోమీటరు వరకు ప్రయాణిస్తారు. వారి సగటు అవసరాంకం తొంభై ఆరు."

అవును. మీరే. బండి పనితనం చూసి ఫొటోలు దిగడానికి వస్తున్నారు.

"అక్కడ మనిషి సచ్చిపోతన్నాడు."

"ఆ స్టేషన్‌లోని వ్యక్తి అవసరాంకం సున్నా."

"సున్నా ఏటి? తప్పు సూసినావు. మళ్లీ సూడు."

"దాచి ఉంచిన పదకొండేళ్ల సంభాషణలు చూశాను. దుప్పట్లు పంపమంటారా అని అడిగినప్పుడు, నాకేటి ఒద్దు, కింద ఉన్నోళ్లకియ్యండి అన్నారు. సెలవు కావాలా అన్నప్పుడు, నాదేటుంది, పెళ్లాం పిల్లలున్నోళ్లకియ్యండి అన్నారు. ఆయన బండిని తీసివేయడంపై అభ్యంతరం ఉందా అన్నప్పుడు, పర్వాలేదన్నారు. ఆక్సిజన్ సీసా అవసరమా అన్నప్పుడు, ఉండనీండి, ఎవుళికైనా పనికొస్తాది అన్నారు. పదకొండేళ్లలో కావాలి అనే మాట ఆయన తన గురించి ఒక్కసారి కూడా అనలేదు."

బండి అబద్ధం చెప్పడం లేదు. అవే మాటలు దాలమ్మ తన చెవులతో విన్నది. ఆ మాటల వెనక ఏముందో కూడా తెలుసు.

ఉప్పుమడుల్లో తాగేనీరు దొరకదు. చుట్టూ నీరే, ఒక్క చుక్క నోట్లో పెట్టుకోలేం. ఊరినుంచి కావిడిలో ఒక కుండ వస్తుంది, ఇరవైమందికి. కుండ చేతికొచ్చినవాడు గుటకేసి, గొంతు ఇంకా ఎండుతున్నా సరే, నాకు సాలు, పక్కోడికియ్యి అనాలి. అది మర్యాద. అనకపోతే ముసలాళ్లు మొహం మీదే ఉమ్మేస్తారు. కానీ ఆ మర్యాదకి రెండో సగం ఒకటుంది. పక్కనున్నవాడు ఆ మాట నమ్మకూడదు. ఇంకో గుటకెయ్యరా ఎదవా అని కుండని వాడి మూతికేసి అదమాలి. సాలు అనడం ఒకడి పని, నమ్మకపోవడం పక్కవాడి పని. రెండూ ఉంటేనే ఆ ఎండలో ఇరవైమందీ బతికేవాళ్లు.

ఈ కొండమీద పక్కవాడు లేడు. మీరు తీసేశారు. వాడి జాగాలో ఏ మాట చెబితే ఆ మాట నమ్మేసే బండిని కూర్చోబెట్టారు.

"ఆయన స్వయంగా కోరితే అంకెను సవరిస్తాను" అంది పంతులు.

దాలమ్మ రేడియో లాక్కుంది. "చిన్నాన్నా! బండి నువ్వడిగితేనే కదులుతాదట. నాకు గావాల అని ఒక్క మాటను."

గులగుల. "నాకేటే... రేపు పెద్దోళ్లొస్తన్నారు కదా. వోళ్లకి నీరు సాలదు. నీ ఉద్యోగం పోతాది. నాకు తగ్గిపోతాది లేయే."

"అంకె మారలేదు" అంది పంతులు.

"చిన్నాన్నా, నీ కాళ్లట్టుకుంటాను. అను."

"టీ తాగినావా నువ్వు? గొంతు బొంగురోయినాది. ఏడత్తన్నావేటి, ఎర్రిగుంటా."

"అంకె మారలేదు."

దాలమ్మ రేడియో కింద పెట్టేసింది. దాన్ని ఆపేసింది. ముందు అద్దం మీద సన్నగా పొడి మంచు రాలుతోంది. పాతిక కిలోమీటర్ల అవతల ఒక మనిషి కూర్చుని ఊపిరి కోసం ఈదుతున్నాడు. ఆయన పోతే రేపు ఏడింటికి రేడియో తిప్పితే ఏముంటుంది? ఎల్లుండి ఏముంటుంది? ఈ ఏడేళ్లలో తిన్నావా అని ఆవిడని అడిగిన గొంతు భూమ్మీద అదొక్కటే.

"పంతులూ. నా అంకె ఎంత?"

"సున్నా, దాలమ్మ గారూ."

నవ్వొచ్చింది ఆవిడకి. తనూ ఆ కుండ నీరు తాగి పెరిగిందే కదా.

"అయితే రాసుకో. నాకు గావాల." ఆ మాట గొంతులోంచి రావడానికి సిగ్గుపడింది, చీర ఊడినట్టు సిగ్గుపడింది. "ఆయన కోసం కాదు, నాకే. నాకు ఈ రోడ్డు గావాల. నాకు మాటాడే మనిషి గావాల. ఒక్కదాన్నీ ఉండనేను. పొద్దున్నే ఎవులూ పలకరించకపోతే నాను బతకనేను. ఇన్నావా? గావాల. గావాల. గావాల!"

పంతులు లెక్క సవరించింది.

"ఏడు సంవత్సరాల్లో మొదటి కోరిక. తీవ్రత అత్యధికం. అవసరాంకం తొంభై ఎనిమిది." ఇంజన్ మూలిగింది. వెనక పన్నెండు ముక్కులూ ఒక్కసారి బుస్సుమని తెరుచుకున్నాయి.

నాలుగు గంటలు పట్టింది. చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కూర్మినాయుడు తలుపు పక్కన గోడకి జారగిలబడి ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగు. ఆవిడ అనుకున్నంత పొడుగు లేడు. ఎత్తుపళ్లు. ఏడేళ్ల గొంతుకి ఇదా మొహం అనిపించింది ఒక్క క్షణం.

"ఏలొచ్చినావే అమ్మీ ఇంత మంచులో? కెటిల్లో నీరుంది. టీ పెట్టుకో."

"నోరు మూసుకుని లే చిన్నాన్నా."

బండి నల్లగాజులా మెరిసే రోడ్డు మీద దిగడం మొదలుపెట్టింది. ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర, ఒక పక్క లోయ ఉన్న మలుపులో, కూర్మినాయుడు కళ్లు తెరిచాడు. "నన్నిక్కడ దింపీ. రేపోళ్లకి నీరుండాల. నాకేటి ఒద్దు."

ముక్కులు మూసుకున్నాయి. చక్రాలు ఆగిపోయాయి.

"ఇక్కడి నుంచి పర్యటనకు ద్రవం ఆదా చేయడం సముచితం. ప్రయాణికుడు నిరాకరించారు" అంది పంతులు.

"ప్రయాణికుడు కాదు, నాను. నాకు గావాలన్నాను కదా!"

"మీ కోరిక నెరవేరింది. మాట్లాడే మనిషి మీ పక్కనే ఉన్నారు."

దాలమ్మ బండి తలుపు మీద పిడికిలితో గుద్దింది. తర్వాత కూర్మినాయుడి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"చిన్నాన్నా, ఇటు సూడు. కుండ నీ సేతిలో ఉంది. సాలన్నావు. ఇన్నాను. నాను నీ పక్కదాన్ని. నానొప్పుకోను. తాగు."

ఆయన కళ్లలో నీళ్లు. ఊపిరి కోసమో ఇంకెందుకోసమో తెలీదు. చుట్టూ చూశాడు, ఎవరైనా వింటారేమో అన్నట్టు. ఆ కొండల్లో ఎవరున్నారు వినడానికి? తప్పుచేసిన పిల్లాడిలా తల దించుకుని, ఒక్కో అక్షరం తడి లోంచి లాగాడు.

"గావాల."

"మళ్లీను."

"నాకు... బతకాలనుంది. కిందకెల్లాల. గావాల."

వెనక పన్నెండు ముక్కులు తెరుచుకున్నాయి.

బతికాడు కూర్మినాయుడు. ఒక ఊపిరితిత్తి పనికిరాదన్నారు. కొండెక్కకూడదన్నారు. తీరానికి పంపేశారు. పొద్దున్నే లేచి మాట్లాడే ఓపిక ఆయనకి లేదు. కొండమీది రేడియో తీరం దాకా అందదు కూడా. మర్నాడు మీ పర్యటన పదకొండో కిలోమీటరు దగ్గర జారి ఆగింది. మీరు రెండు గంటలు కార్లలో కూర్చోవాల్సి వచ్చింది. కేటాయించిన ద్రవం అనుమతి లేకుండా ఎందుకు వాడారో పది రోజుల్లో జవాబివ్వమని దాలమ్మకి మెమో పంపారు.

తర్వాత మీరు చేసిందే అసలైన పని. నలభై ఏడుకి మనిషిని పంపలేదు. ఆ స్టేషన్ అవసరాంకం సున్నా కదా, మనిషెందుకు? మంచు కొలిచే యంత్రం పెట్టారు. ఒంటరి సిబ్బంది మనోబలం కోసమని ఇంకో మంచిపని కూడా చేశారు. పదకొండేళ్ల మాటలు దాచిపెట్టి ఉన్నాయి కాబట్టి, ఆ యంత్రానికి ఆ గొంతే ఇచ్చారు.

ఆ మొదటి పొద్దున్న ఏడింటికి రేడియో తనంతట తనే పలికింది.

"ఏటే అమ్మీ, తిన్నావా?"

దాలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఆ గొంతే. ఆ సాగదీతే. ఆయాసం ఒక్కటి లేదు.

రేడియో మీదికి వంగి అడిగింది. "నీకేటి గావాల చిన్నాన్నా?"

"నాకేటి ఒద్దే అమ్మీ. నాకేటి తక్కువ?"

ఇంకో గుటకెయ్యమని అదమడానికి అవతల మూతి లేదు. ఆవిడ రేడియో ఆపేసింది. గదిలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్లూ మీరు వెతికింది ఉప్పునీరు జల్లే బండి కోసం కాదని ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఏమీ అడగని మనిషి కోసం. చివరికి తయారు చేసుకున్నారు. దుప్పటి అడగదు, సెలవు అడగదు, చావదు.

ఏడో తరగతి చదివిన చేత్తో ఆవిడ మెమోకి రాసిన జవాబు మీ బల్లమీద ఉంది. ముద్ర వేసి ఫైల్లో పెట్టడానికి కాదది. చదవండి. చదివి, ఈ చలికాలం పోకముందే అందులో అడిగినవి చెయ్యండి. ఆ గొంతుని యంత్రంలోంచి తీసెయ్యండి, అది ఒక మనిషిది. బండికి మీట తిరిగి పెట్టండి, మీట రోడ్డుమీద ఉన్నవాళ్ల చేతికివ్వండి. అవసరాంకాన్ని తగలెయ్యండి. ఏ స్టేషన్‌లోనూ మనిషిని ఒంటరిగా ఉంచొద్దు. ఒకడు చాలు అన్నప్పుడు నమ్మకుండా కుండ అదమడానికి ఇంకొకడుండాలి. నలభై ఏడుకి ఇద్దర్నీ, ఇరవై రెండుకి ఇంకొకర్నీ పంపండి. వచ్చే ఏడాది కాదు. తీర్మానం చేసి కాదు. రేపు పొద్దున్న ఏడింటికి రేడియోలో ఊపిరి తీసే మనిషి పలకాలి.

దయచేసి అనే మాట ఆ జవాబులో ఎక్కడా లేదు. వెతక్కండి. కింద సంతకం ఉండాల్సిన చోట ఆవిడ పెద్ద అక్షరాలతో రాసింది ఒక్కటే.

మాకు కావాలి.